కుడివైపు దిగే అంచు

బస్సు కొండ మలుపులో ఆగిపోయింది. డ్రైవరు ఇంజను మూత ఎత్తి, ముఖానికి కొట్టిన ఆవిరిని టోపీతో తోలి, అది చల్లారేదాకా తననెవరూ ఏమీ అడగొద్దని చెప్పి సిగరెట్టు ముట్టించాడు. ఆ ఎత్తు మీద ఆగడం ఆ బస్సుకి అలవాటే. జనం పెద్దగా విసుక్కోకుండా దిగి, సంచులు దించుకుని, అక్రోటు చెట్ల కింద చతికిలబడ్డారు. సెప్టెంబరు ఎండ. కింద లోయలో ఏ ఊరివైపు చూసినా మిరపకాయలు కాల్చే పొగ.

బిస్త్రా మాత్రం కూర్చోలేదు. ఆమె చేతిలో సీసాలకి బిగించే రేకు మూతలు ఓ సంచెడు ఉన్నాయి. వాటికోసం పొద్దున్నుంచి పట్నంలో వరసలో నిలబడింది. ఆ ఏడు బల్గేరియాలో మిరపకాయలకి కొదవ లేదు, టమాటాలకి కొదవ లేదు, ఖాళీ సీసాలు ప్రతి ఇంట్లోనూ అటక మీద దొర్లుతున్నాయి. కరువంతా మూతలకే వచ్చింది. చలికాలానికి కావలసిన తిండి మొత్తం శరదృతువులోనే సీసాల్లోకి ఎక్కించుకునే దేశంలో మూత దొరక్కపోతే ఇల్లాలికి నిద్ర పట్టదు. అందుకే బిస్త్రా ఆ సంచిని చంటిపిల్లలా కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, ఈ వేళ తనంత అదృష్టవంతురాలు లేదనుకుంటోంది.

అప్పుడు అనిపించింది, వెనకనుంచి ఎవరో తన స్కర్టు వంక చూస్తున్నారని.

చూసేవాడు మగవాడైతే అనడానికి ఆమె దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కానీ తిరిగి చూస్తే ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది. బూడిదరంగు కోటు, బిగించి వేసిన ముడి, చంకలో గుడ్డసంచి. ఆమె చూపు బిస్త్రా నడుము దగ్గర మొదలై, కుడి తుంటి మీదుగా జారి, అంచు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, మళ్ళీ పైకి ఎక్కుతోంది.

"ఏంటి పిన్నీ, నా వెనకేమైనా సినిమా ఆడుతోందా?" అంది బిస్త్రా.

"కుడివైపు దిగింది," అంది ఆమె.

"నాకు తెలీదా ఏంటి! కుట్టిన రోజునుంచీ అంతే. సరిచేద్దామనే అనుకుంటున్నా, బద్ధకం. ఇస్త్రీ పెట్టెకి భయపడి మా ఆయన చొక్కాలే ముడతలతో తొడిగించే మనిషిని, అంచు విప్పి మళ్ళీ కుట్టడం నావల్ల ఎక్కడవుతుంది?"

"తుంటి దగ్గర కూడా వదులుగా ఉంది. కుడివైపు."

"అవును, సంచిలా. అందులో ఓ రెండు ఉల్లిపాయలు దాచుకోవచ్చు." బిస్త్రా గింజ తొక్క ఉమ్మింది. "తప్పు నాది కాదు పిన్నీ. మిల్లు గుడ్డదే. నేతలోనే వంకరొచ్చింది. మా ఊళ్ళో ఈ ఆరు ముక్కల స్కర్టు కుట్టుకున్న వాళ్ళందరికీ ఇదే గోల. అందరివీ కుడివైపే దిగాయి. మా యోవ్కా పెద్దమ్మ అయితే డాక్టరు దగ్గరికే వెళ్ళింది, నాకో కాలు పొట్టిదైపోయిందేమో కొలిచి చూడు నాయనా అని. ఆయన కొలిచి, నీ కాళ్ళకేం రోగం లేదమ్మా, నీ నాలుకకే నా దగ్గర మందు లేదు అన్నాట్ట."

చెట్టు కింద కూర్చున్నవాళ్ళు నవ్వారు. కోటు మనిషి నవ్వలేదు.

"ఈ కటింగు ఎక్కడిది?"

"మింకక్క తెచ్చింది. పట్నంనుంచి. మామూలు స్కర్టు కాగితమైతే ఒకటే ముక్క ఉంటుంది కదా, దాన్నే ఆరుసార్లు పెట్టి కత్తిరించుకుంటాం. ఇది అలా కాదు. ఆరు కాగితాలు, ఆరు రకాలు! పట్నం ఫ్యాషను మరి, అంత సులువుగా ఉంటుందా అనుకుని ఊరంతా ఎగబడి గీసుకున్నాం."

"ఆ కాగితం నాది," అంది ఆమె. "మింక నా తమ్ముడి పెళ్ళాం. దానికోసమే వెళ్తున్నాను. ఆదివారంలోగా నాకది కావాలి."

ఆమె పేరు కెరాంక.

*

ఇళ్ళల్లో బట్టలు కుట్టుకునేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి ఆ కాగితాల సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో జర్మనీ నుంచి ఒక ఫ్యాషన్ పత్రిక వచ్చేది. ఎవరి బంధువో, ఎవరి లారీ డ్రైవరో తెచ్చేవాడు. ఒక ప్రతి ఊళ్ళోకి వస్తే అది చిరిగి పీలికలయ్యేదాకా చేతులు మారేది. చదవడానికి ఎవరికీ భాష రాదు. అందరికీ కావలసింది మధ్యలో మడిచి పెట్టిన పెద్ద కాగితం. దాన్ని బల్ల మీద పరిస్తే ఖండంలోని రైలు పట్టాలన్నీ ఒకదాని మీద ఒకటి వేసినట్టుంటుంది. ఎర్ర గీతలు, నల్ల గీతలు, చుక్కల గీతలు. అందులో మన గీత ఏదో వేలితో పట్టుకుని, కింద పాత పేపరు పెట్టి, పళ్ళచక్రం దొర్లించుకుంటూ పోవాలి. కూడలి దగ్గర కాస్త ఏమరుపాటైతే దారి తప్పుతాం. స్కర్టులో బయలుదేరి పైజమాలో తేలినవాళ్ళున్నారు. కుట్టుకి వదలాల్సిన గుడ్డ ఆ గీతల్లో ఉండదు, అది మనమే కలుపుకోవాలి. కలపడం మరిచినవాళ్ళ బట్టలన్నీ చివరికి చెల్లెళ్ళకే చేరేవి.

ఇంకో సంగతి. ఆ పెద్ద కాగితంలో మనిషి సగమే ఉంటాడు. ఎడమ సగం గీసి ఊరుకుంటారు. గుడ్డ మడిచి, ఆ సగాన్ని మడత మీద పెట్టి కత్తిరిస్తే రెండో సగం దానంతటదే వస్తుంది. మనిషి రెండు వైపులా ఒకటే అన్నది ఆ గీసేవాళ్ళ నమ్మకం. చాలామంది విషయంలో అది నిజమే కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు.

బస్సు మళ్ళీ కదిలాక ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కెరాంక గుడ్డసంచి తెరిచి చూపించింది. లోపల నల్లటి ఉన్నిగుడ్డ, కొత్తది, మడతల్లో ఇంకా దుకాణం వాసన.

"మా పట్నం పఠనమందిరంలో పాడతాను, పేరుకి పుస్తకాలే గానీ పాటలూ నాటకాలూ అక్కడే. ఆడవాళ్ళ బృందం. ఆదివారం పెద్ద వేదిక మీద కచేరీ. అందరికీ తలో ముక్క ఇచ్చి, ఆరు ముక్కల స్కర్టు ఇంటి దగ్గరే కుట్టుకురమ్మన్నారు. అంచులన్నీ నేలనుంచి ఒకటే ఎత్తున ఉండాలట. మా బృందం నడిపే ఆయన కర్రతో కొలుస్తానంటున్నాడు. నన్నీసారి ముందు వరసలో నిలబెట్టారు."

"ముందు వరసా! అయితే బాగా పాడతావన్నమాట."

"ముందు వరస ఆవిడకి గొంతు పోయింది," అంది కెరాంక ఉన్నది ఉన్నట్టుగా. "గుడ్డ సరిగ్గా ఒక్క స్కర్టుకే. తప్పు కోస్తే ఇంకో ముక్క లేదు, ఆ రంగు దుకాణంలో కూడా లేదు."

"అంతే కదా! మా ఇంటికి రా పిన్నీ. కాగితం ఎందుకు? కచ్చాకుట్టు వేసుకుని నువ్వు స్టూలెక్కి నిలబడు, నేను కర్రా సుద్దా పుచ్చుకుని చుట్టూ గీత గీసేస్తా. కాఫీ చల్లారేలోగా అయిపోతుంది. నావి కుట్టుకోవడానికే నాకు బద్ధకం, ఊళ్ళోవాళ్ళకైతే పరిగెత్తుకెళ్ళి చేస్తా."

"నా అంచు ఎవరూ కొలవక్కర్లేదు." కెరాంక సంచి మూసేసింది. "మా అమ్మ కొలిచింది. అది చాలు."

బిస్త్రాకి ఆ మాట చురుక్కుమంది. కానీ బస్సులో పక్కన కూర్చున్న మనిషితో ఎంతసేపని మూతి ముడుచుకుంటాం? గింజల పొట్లం చాపింది. కెరాంక నాలుగు తీసుకుంది.

ఊరి దగ్గర దిగి నడుస్తున్నప్పుడు బిస్త్రా గమనించింది, ఆమె నడకలో ప్రతి అడుక్కీ ఎడమవైపు ఒక ఒరుగు ఉంది. పడవలో నిలబడ్డ మనిషి ఒరిగినట్టు. బస్సెక్కి దిగిన నొప్పేమో అనుకుంది. పిన్నీ సంచి ఇటియ్యి అంది. కెరాంక ఇవ్వలేదు.

*

మింక ఇంటి పెరట్లో ఇటుకల పొయ్యి మీద గంగాళం ఎక్కించి ఉంది. అందులో కాల్చి తొక్క వలిచిన మిరపకాయలూ టమాటాలూ కలిసి ఎర్రగా కుతకుతలాడుతున్నాయి. ఆ పచ్చడి దగ్గరపడే వేళకి దాన్ని ఒక్క నిమిషం వదలకూడదు, అడుగంటుతుంది. అందుకే ఆ పని ఎవరూ ఒంటరిగా చెయ్యరు. పక్కింటివాళ్ళు వచ్చి వంతులవారీగా తెడ్డు తిప్పుతారు, మరునాడు వాళ్ళింటికి వీళ్ళు వెళ్తారు. ఇక నోళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఊరి సంగతులన్నీ ఆ గంగాళాల చుట్టూనే ఉడుకుతాయి.

"మూతలొచ్చాయి!" అని గేటు దగ్గర్నించే కేకేసింది బిస్త్రా.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో నలుగురైదుగురు అవే స్కర్టులు కట్టుకున్నారు, మట్టిరంగువి, ఆకుపచ్చవి. అంచులు మాత్రం సమంగానే ఉన్నాయి. ఎవరికివాళ్ళు కత్తిరించి సరిచేసుకున్నారు. కెరాంక గేటు దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ చూసింది.

మింక తెడ్డు వదిలేసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుండ్రటి మనిషి, ఎప్పుడూ ఆయాసపడుతూనే నవ్వుతుంది.

"వదినా! ఏంటీ ఆశ్చర్యం! రా రా, కూర్చో. కొత్త పచ్చడి, వేడి రొట్టె. ఎంత చిక్కిపోయావ్!"

"చిక్కలేదు. నా కాగితం ఇయ్యి మింకా."

"ముందు తిను వదినా."

"కాగితం."

"అబ్బా, వస్తూనే పోలీసులా! ఉంది, ఎక్కడికి పోతుంది? కింద నేలమాళిగలో ఉంది. కొంచెం..." మింక బిస్త్రా వంక చూసింది, యోవ్కా వంక చూసింది. ఎవరూ ఆదుకోలేదు. "కొంచెం అటూ ఇటూ అయింది."

కెరాంక ఇంకో మాట వినలేదు. సంచి బల్ల మీద పెట్టి, ఇంటి పక్కనున్న నేలమాళిగ తలుపు తీసి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

"ఏం చేశావక్కా?" అంది బిస్త్రా.

"ఏం చేస్తాను? జూలైలో ప్లమ్ జాము కాశాను. మూతలేవీ? ఊరంతా గాలించాను కదా, నీకు తెలీదూ! ఆ కాగితం మంచి దళసరిది, నూనెకాగితంలా ఉంది. ఊళ్ళో అందరూ గీసుకున్నారు కదా, ఇక దాంతో పనేముంది అనుకున్నాను. గుండ్రంగా కత్తిరించి సీసాల నోళ్ళకి కట్టేశాను."

"ఆరు ముక్కలూనా?"

"జాము చాలా అయింది మరి," అంది మింక దీనంగా.

యోవ్కా తెడ్డు తిప్పుతూనే పగలబడి నవ్వింది. "ఓసి నీ దుంప తెగ! ఆడబిడ్డ స్కర్టు కోసి జాముకి కట్టావా!"

"నవ్వకు పెద్దమ్మా. ఆవిడ సంగతి నీకు తెలీదు." మింక గొంతు తగ్గించింది. అప్పుడు గంగాళం చుట్టూ ఉన్నవాళ్ళకి కెరాంక కథ తెలిసింది. మింక చెప్పడం ముందువెనకలుగానే చెప్పింది, దాన్ని వరసలో పెడితే ఇదీ.

కెరాంక పుట్టుకతోనే తుంటి కీలు తప్పిన పిల్ల. నడవాల్సిన వయసొచ్చేదాకా ఎవరూ గమనించలేదు. తరవాత సముద్రపు ఒడ్డున ఎముకల ఆస్పత్రిలో పిండికట్టుతో చాలాకాలం పడుకోబెట్టారు. తిరిగొచ్చేసరికి నడక వచ్చింది, ఎడమకాలు మాత్రం పొట్టిగానే మిగిలింది. అక్షరాలు కూడా ఆ మంచం మీదే నేర్చుకుంది, పాటలు కూడా. పక్క మంచాల పిల్లలందరూ కదలకుండా పాడేవారట. పెద్దయ్యాక పట్నంలో రొట్టెల దుకాణంలో చేరింది. బల్ల వెనక నిలబడే పని. రైళ్ళలో పనిచేసే ల్యూబెన్ రోజూ అవసరం లేకపోయినా రొట్టె కొనేవాడు. ఆమె బల్ల వెనకనుంచి బయటికి నడిచి రావడం అతను చూసింది మాత్రం చాలా ఆలస్యంగా. అప్పటికి అతని ఇంట్లో రొట్టెలు ఎండిపోయి గుట్టపడ్డాయి. చూశాక కూడా మర్నాడు మళ్ళీ వచ్చి రొట్టె అడిగాడు. పెళ్ళి చేసుకున్నారు, ఒక కూతురు, ఇప్పుడు సముద్రం వైపు ఓడరేవులో పనిచేస్తోంది. ల్యూబెన్ పోయాడు. దుకాణం ఉంది, పాట ఉంది.

"నడిస్తే తెలుస్తుంది, తెలియనీ అంటుంది ఆవిడ," అంది మింక. "నిలబడితే మాత్రం తెలియకూడదట. బట్టలన్నీ వాళ్ళమ్మే కుట్టేది. ఆ ముసలావిడ పోయాక ఎవరినీ దగ్గరికి రానివ్వదు. పట్నంలో టైలరమ్మ కొలతలు తీస్తానంటే కోటు తొడుక్కుని వచ్చేసిందట."

"మరి ఆ కాగితం నీకెలా ఇచ్చింది?"

"బీరువాలో చూసి అడిగాను. ఎందుకో కాసేపు నా మొహంలోకి చూసింది. ఇవ్వను అని నోటిదాకా వచ్చినట్టే ఉంది. కారణం చెప్పడం ఇష్టంలేకేమో, ఇచ్చేసింది."

మా అమ్మ కొలిచింది, అది చాలు అని బస్సులో విన్న మాట బిస్త్రాకి గుర్తొచ్చింది. ఇక అక్కడ నిలబడలేక నేలమాళిగలోకి దిగింది.

లోపల చల్లగా, ప్లమ్ వాసన. చిన్న కిటికీలోంచి వెలుగు అరల మీద పడుతోంది. సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని నోటికి దారంతో బిగించిన గుండ్రటి గోధుమరంగు కాగితం. కెరాంక వాటి ముందు నిలబడి ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. కొన్నిటి మీద సగం గీత. ఒకదాని మీద పళ్ళచక్రం చుక్కలు. ఒకదాని మీద పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు, రాయడం అలవాటు లేని చెయ్యి రాసినవి: కుడి ముందు. పక్క సీసా మీద: ఎడమ వెనక, పొట్టిగా.

బిస్త్రా ఆ రెండు మూతల్నీ చూసింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. ఆ మనిషి నిలబడినప్పుడు నడుము ఎడమవైపు వాలి, కుడి తుంటి పైకి లేచి ఉంది. తరవాత తలొంచి తన స్కర్టు చూసుకుంది. ఎడమవైపు పొట్టి, కుడివైపు పొడుగు, కుడి తుంటి దగ్గర ఉల్లిపాయలు దాచుకునేంత వదులు.

"ఓరి దేవుడా," అంది. "గుడ్డ మంచిదే!"

"మంచిదే," అంది కెరాంక.

"ఇన్నాళ్ళూ మిల్లుని తిట్టాం. యోవ్కా పెద్దమ్మ డాక్టరు దగ్గరికెళ్ళింది..." నవ్వు రాబోయి ఆగింది. "బస్సులోనే తెలిసిందా పిన్నీ నీకు?"

"నువ్వు దిగి నిలబడగానే తెలిసింది. మా అమ్మ కత్తిరింపు ఎక్కడున్నా పోల్చుకుంటాను." కెరాంక సీసా అరలో పెట్టింది. "నిటారుగా నిలబడాలని చూడకు, నీకెలా వస్తే అలా నిలబడు అనేది. మిగతావాళ్ళందరూ నన్ను నిటారుగా నిలబెడదామని చూసినవాళ్ళే. ఒక మధ్యాహ్నమంతా నేల మీద మోకాళ్ళతో పాకుతూ చుట్టూ సుద్దగీత గీసి, దాని ప్రకారం ఆ ఆరు కాగితాలూ కత్తిరించింది. అప్పటికే ఆమె మోకాళ్ళు పాడైపోయాయి. వాటితో కుట్టిన నీలం స్కర్టు చిరిగిపోయాక పిల్లకి గౌనుగా కోసేశాను. కాగితం ఉంది కదా అనుకున్నాను."

"మూతలు మార్చేద్దాం. నా దగ్గర రేకువి ఉన్నాయి. ఈ ముక్కలన్నీ ఏరి అతికిస్తే..."

"ఉండనీ. విప్పితే జాము పాడైపోతుంది. గుండ్రాల మధ్య మిగిలిన తుంపులు ఎలాగూ లేవు, పొయ్యిలో పడుంటాయి."

*

పైకొచ్చాక బిస్త్రా సంగతి చెప్పి ఊరి ఆడవాళ్ళందర్నీ నిలదీసింది. ఎవరి దగ్గర కాగితం ఉంది? ఇద్దరు ఇళ్ళకి పరిగెత్తి తెచ్చారు కూడా. లాభం లేకపోయింది. ఒకామె కుట్టుకోసం వేలెడు కలిపి గీసుకుంది, ఆమె దగ్గర గీసుకున్నామె, ఆ వేలెడు కలిపిందో లేదో అని అనుమానమొచ్చి, మళ్ళీ వేలెడు కలిపింది. యోవ్కా అయితే స్కర్టు సరిచేసిన రోజునే కాగితాన్ని కూడా సరిచేసేసింది. పనిమంతులందరూ పాపం ఆ వంకరని శ్రద్ధగా తీసి పారేశారు. కెరాంక ఆ కాగితాల్ని బల్ల మీద పరిచి, జానతో కొలిచి, మడిచి వాళ్ళవి వాళ్ళకిచ్చేసింది. నల్లగుడ్డ సంచి అందుకుంది.

"సాయంత్రం బస్సుకి పోతాను."

"మరి ఆదివారం?" అంది మింక.

"ముందు వరసకి ఇంకొకరు దొరుకుతారు."

ఆమె ఆ మాట అన్న తీరులో ఏడుపూ లేదు, నిష్ఠూరమూ లేదు. రొట్టె అయిపోయింది, రేపు రండి అన్నట్టు అంది. మింకకి మాత్రం అది తట్టుకోలేనట్టయింది. కొంగులాంటి ఏప్రాన్ కళ్ళకి అద్దుకుంది. మిరపకాయల చేతులు తుడుచుకున్న ఏప్రానేమో, కళ్ళు ఇంకా మండాయి.

బిస్త్రా ఉన్నట్టుండి మింక చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ ఇంట్లో కట్టుకునే గౌను ఏదైనా ఇయ్యి."

"ఎందుకే?"

"ఇయ్యి ముందు!"

లోపలికెళ్ళి, మింక గౌనులో మునిగిపోయి బయటికొచ్చింది. చేతిలో ఇటుకరంగు స్కర్టు. కెరాంక చేతిలో పెట్టింది.

"ఊళ్ళో నా అంత బద్ధకస్తురాలు లేదు పిన్నీ. నా కాగితం ఎప్పుడో పొయ్యిలో పోయింది గానీ, అసలుదాని మీదనే గీసుకున్నాను, గీసినట్టే కుట్టాను, ఆ తరవాత ముట్టుకోలేదు. మీ అమ్మ ఎలా కత్తిరించిందో ఇది అలాగే ఉంది. నువ్వూ నేనూ ఒకటే లావు. తొడుక్కో."

కెరాంక స్కర్టు తిప్పి కుట్లు చూసింది. లోపలివైపు దారాలు వేలాడుతున్నాయి.

"కుట్టు ఘోరంగా ఉంది," అంది.

"మొహమాటం లేకుండా చెప్పావు. తొడుక్కో."

ఆమె లోపలికి వెళ్ళింది. బయట తెడ్డు చప్పుడే. ఆమె వచ్చి అరుగు మీద నిలబడినప్పుడు ముందు యోవ్కా తెడ్డు ఆపింది. అంచు నేలకి సమంగా ఉంది. తుంటి దగ్గరి సంచి మాయమైంది. ఊరంతా మిల్లుని తిట్టుకుంటూ కోసి సరిచేసుకుంటే తప్ప కుదరని స్కర్టు అది. ఆ ఒంటి మీద నీళ్ళలా జారి నిలిచింది.

"కర్ర!" అంది బిస్త్రా.

మింక పెరట్లో టమాటా మొక్కకి ఊతం పెట్టిన కర్ర పీక్కొచ్చింది. బిస్త్రా పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తీసుకుని దాని మీద గుర్తు పెట్టి, అరుగు మీద మోకాళ్ళు వేసింది. అప్పుడు ఒక్క క్షణం ఆగి పైకి చూసింది. అడగనిదే చెయ్యి వెయ్యకూడదని అనిపించింది.

కెరాంక ఎదురుగోడ వంక చూస్తోంది. చూపు తిప్పకుండానే, "కానియ్యి," అంది.

"అయితే కొంచెం నిటారుగా నిలబడు పిన్నీ."

"నిటారుగా కాదు. నేను నిలబడినట్టే నిలబడతాను. నువ్వు కొలువు."

బిస్త్రా మోకాళ్ళ మీద పాకుతూ కర్ర జరుపుకుంటూ పోయింది. ముందు, కుడిపక్క, వెనక, ఎడమపక్క. అంచు ఎక్కడా గుర్తు దాటలేదు, ఎక్కడా గుర్తుకి పైకి పోలేదు. మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చాక కర్ర పక్కన పెట్టి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"అంతా ఒకటే," అంది.

"అంటే నా కాళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!" అంది యోవ్కా. "అనవసరంగా ఆ డాక్టరు చేత మాటలు పడ్డాను."

పెరడంతా నవ్వింది. కెరాంక కూడా నవ్వింది. ముందు పెదవులతో, తరవాత భుజాలు కదిలేలా. పాటగత్తె నవ్వు కాబట్టి లోతుగా ఉంది, గంగాళం లోపలినుంచి వచ్చినట్టు.

"దారాలు విప్పితే ఆరు ముక్కలూ వస్తాయి," అంది బిస్త్రా లేస్తూ. "కాగితం కంటే నయం. నల్లగుడ్డ మీద పరిచి కోసుకో. తరవాత ఇది నాకు తిరిగివ్వక్కర్లేదు, ఎలాగూ నాకు..."

"మాడు వాసన!" అని అరిచింది ఎవరో.

యోవ్కా తెడ్డు ఆపి ఎంతసేపైందో ఎవరికీ గుర్తులేదు. ఆడవాళ్ళందరూ గంగాళం మీదికి ఉరికారు. ఒకరు మంట లాగారు, ఒకరు అడుగు గీకొద్దని మొత్తుకున్నారు, మింక అందరినీ తిడుతూ తెడ్డు లాక్కుంది. బిస్త్రా గౌను చేతులు పైకి మడిచి రెండో తెడ్డు అందుకుంది. పచ్చడి దక్కిందని తేలి, ఊపిరి పీల్చుకుని తలెత్తి చూసేసరికి అరుగు మీద ఎవరూ లేరు.

లోపల కుర్చీ మీద కెరాంక వేసుకొచ్చిన బూడిదరంగు స్కర్టు చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. కుట్టు లోపలివైపు కూడా నున్నగా, ఒక్క దారమైనా బయటికి రాకుండా. ఆమె సంచి లేదు.

"వదినా! జామైనా తీసుకెళ్ళు!" అని మింక గేటు దాకా పరిగెత్తింది, చేతిలో సీసాతో.

కెరాంక అప్పటికే రోడ్డెక్కింది. చంకలో నల్లగుడ్డ సంచి, ఒంటి మీద బిస్త్రా ఇటుకరంగు స్కర్టు. అడుగడుక్కీ ఎడమవైపు ఒరుగుతోంది, అంచు అటూ ఇటూ ఊగుతోంది. కూడలి దగ్గర మిరపకాయల ట్రాక్టరు అడ్డొస్తే ఆగింది. ఆగగానే అంచు ఊగడం మానేసి నేలకి సమంగా నిలిచింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ఆమె బస్సు ఆగే వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.